నూటికి నూరు కుళాయిలు

తూరుపుపేటలో కుళాయి లేని ఇల్లు లేదు. ఈ సంగతి ఊరి మొదట్లో కట్టిన సిమెంటు ఆర్చి మీద నీలం అక్షరాలతో రాసి ఉంది. 'సంపూర్ణ కుళాయి పట్టణమునకు స్వాగతం' అని. ఆర్చి ప్రారంభోత్సవానికి పెద్దలొచ్చారు, డప్పులొచ్చాయి, ఫోటోగ్రాఫర్లొచ్చారు. రాజధాని నుంచి మున్సిపాలిటీకి అవార్డు కూడా వచ్చింది. ఇన్ని వచ్చిన ఊళ్ళో, రొయ్యల చెరువుల పక్కన కొత్తగా వేసిన లేఅవుట్లో ఉన్న వీరభద్రం ఇంటికి మాత్రం కుళాయి రాలేదు.

వీరభద్రానికి బజార్లో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి. జీవితంలో చేసిన పెద్ద సాహసం ఇల్లు కట్టుకోవడమే. బోరు వేయిస్తే నీళ్ళు పడ్డాయి గానీ, రొయ్యల చెరువుల పుణ్యమా అని అవి ఉప్పు కషాయం. వాటితో పప్పు ఉడకదు, టీ విరిగిపోతుంది. వీధి మొత్తానికి రైసు మిల్లు మలుపులో ఒక్క వీధి కుళాయి ఉంది. అది ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. వచ్చినప్పుడు ఎవరింట్లో ఎవరుంటే వాళ్ళు బిందె పట్టుకుని పరుగెత్తాలి. వీరభద్రం కొట్లో ఉంటాడు కాబట్టి పరుగెత్తేది అతని భార్య మాణిక్యం.

ఈ పరుగు అలాగే సాగిపోయేదేమో గానీ, ఈలోగా మాణిక్యానికి గర్భసంచి ఆపరేషన్ అయింది. డాక్టరమ్మ ఇంటికి పంపిస్తూ, "బరువులెత్తకూడదు. ముఖ్యంగా నీళ్ళ బిందె. కుట్లు తెగితే మళ్ళీ మొదటికొస్తుంది," అని వీరభద్రం వంక చూసి మరీ చెప్పింది. మాణిక్యం బుద్ధిగా తలూపింది. కొద్దిరోజులకి వీరభద్రం కొట్టు తాళం మరిచిపోయి వెనక్కొచ్చేసరికి, ఆవిడ బిందె చంకనెత్తుకుని మిల్లు మలుపు తిరుగుతూ ఎదురైంది.

"చిన్న బిందేనండి," అంది, తప్పు చేసిన పిల్లలా.

వీరభద్రానికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ రెండూ కలిసి అతన్ని నేరుగా మున్సిపల్ ఆఫీసుకి తీసుకెళ్ళాయి.

నీటి సరఫరా విభాగంలో శేషావతారం అనే గుమాస్తా ఉన్నాడు. మంచివాడు. ఎవరినీ కసురుకోడు, ఎవరి పనీ చెయ్యడు.

"కొత్త కుళాయి కోసం దరఖాస్తు పెట్టుకుందామని వచ్చానండి," అన్నాడు వీరభద్రం.

"కొత్త కుళాయంటే?"

"మా ఇంటికి కుళాయి లేదండి."

చుట్టుపక్కల బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. శేషావతారం లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఆ మాట కాస్త నెమ్మదిగా అనండి. మీ ఇంటికి కుళాయి ఉందండి."

"లేదండి."

"మీది ఈ ఊరేనా?"

"ఈ ఊరేనండి."

"ఉండేది ఇంట్లోనేనా?"

"ఇంట్లోనేనండి. పన్ను కూడా కడుతున్నాను."

"ఈ ఊళ్ళో ప్రతి ఇంటికీ కుళాయి ఉంది. మీదీ ఈ ఊళ్ళో ఇల్లే. ఇంకా మీరూ నేనూ అనుకునేదేముందండి ఇందులో?"

"పోనీ, ఆ దరఖాస్తు ఇప్పించండి."

"కొత్త కనెక్షన్ల సీటే ఎత్తేశారండి. అందరికీ ఇచ్చేశామని చెప్పాక ఇంకా ఇస్తూ కూర్చుంటే, ఇవ్వలేదని మనంతట మనమే ఒప్పుకున్నట్టు కాదూ?" అని శేషావతారం జాలిగా చూశాడు. "మీరింతలా అడుగుతున్నారు కాబట్టి ఇంజనీరుగారిని పంపిస్తాను. మీ కుళాయి ఎక్కడుందో ఆయనే చూపిస్తారు."

అన్నమాట ప్రకారం ఇంజనీరుగారు జీపులో వచ్చారు. వస్తూనే వంటింట్లో చూశారు, స్నానాల గదిలో చూశారు, పెరట్లో చూశారు. ఎందుకైనా మంచిదని గోడకున్న క్యాలెండర్ పైకెత్తి దాని వెనక కూడా చూశారు. చివరికి కుర్చీలో కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"క్షేత్రస్థాయి పరిశీలనలో కుళాయి కంటికి అగుపించలేదు. అంతమాత్రం చేత కుళాయి లేదని నిర్ధారణకు రావడం శాస్త్రీయం కాదు."

"మరేం చెయ్యాలండి?"

"దీన్ని రెండు కోణాల్లో చూడాలి. గృహము అనగా కుళాయి గలది అని అవార్డు సమయంలో నిర్వచనం సవరించాం. ఆ లెక్కన ఇది గృహం కాదు. పశువుల పాక కింద చూపిస్తే కుళాయి అక్కర్లేదు. మీకూ మాకూ ఏ ఇబ్బందీ ఉండదు."

మాణిక్యం అప్పుడే టీ పట్టుకొచ్చింది. "ఇది పాకైతే ఇందులో ఉన్న మేమెవరమండి?" అని అడిగింది.

ఇంజనీరుగారు కప్పు అందుకుని, "అది పశుసంవర్ధక శాఖ పరిధిలోని విషయమమ్మా," అన్నారు. ఒక గుక్క తాగి మెచ్చుకోలుగా తలూపారు. "టీ బాగుంది. నీళ్ళెక్కడివి?"

"మిల్లు కాడ కుళాయివండి."

"చూశారా," అన్నారు ఆయన వీరభద్రం వైపు తిరిగి. "కుళాయి నీళ్ళు తాగుతూ కుళాయి లేదంటారు."

రెండో కోణం ఏమిటో ఇంజనీరుగారు చెప్పకుండానే జీపెక్కేశారు. అది తెలుసుకోవడానికి వీరభద్రం మళ్ళీ శేషావతారం దగ్గరికి వెళ్ళాడు. శేషావతారం అతన్ని క్యాంటీన్ వెనక్కి తీసుకెళ్ళాడు.

"లేని కుళాయి ఇవ్వడానికి మా దగ్గర పద్దు లేదండి. పోయిన కుళాయికి బదులు కుళాయి ఇవ్వడానికి మాత్రం ఉంది. మీ కుళాయిని దొంగలెత్తుకుపోయారని పోలీస్ స్టేషన్లో ఓ కంప్లయింటు ఇచ్చేయండి. నెలలోపు పనైపోద్ది."

"లేనిది పోయిందని ఎలా చెప్పనండి?"

"ఉందని మేం ఆర్చి మీద రాశాం. లేదని మీరంటున్నారు. మా మాటా అబద్ధం కాదు, మీ మాటా అబద్ధం కాదు. అంటే మధ్యలో పోయినట్టే కదండీ."

వీరభద్రం దారి పొడుగునా ఆలోచించాడు గానీ ఇందులో తప్పెక్కడుందో పట్టుకోలేకపోయాడు. మిక్సీ అయితే విప్పి చూసేవాడు. ఇంటికెళ్ళేసరికి మాణిక్యం పొత్తికడుపు నొక్కుకుని మంచమ్మీద ఒక పక్కకి పడుకుని ఉంది. అడిగితే ఏం లేదంది. అతను చొక్కా కూడా విప్పకుండా స్టేషన్‌కి వెళ్ళాడు.

ఎస్సైగారు కేసుని చాలా సీరియస్‌గా తీసుకున్నారు.

"కుళాయిని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"చూడలేదండి."

"చూడకముందు ఎక్కడుండేది?"

"మా ఇంట్లో ఉండేదని మున్సిపాలిటీ వాళ్ళు చెబుతున్నారండి."

"అంటే ప్రత్యక్ష సాక్షులు కూడా ఉన్నారన్నమాట. ఇత్తడిదా, స్టీలుదా?"

"మీ ఇష్టమండి."

"ఇత్తడని రాసుకుంటున్నాను. ఎవరిమీదైనా అనుమానం ఉందా?"

వీరభద్రానికి అనుమానాలు చాలా ఉన్నాయి గానీ చెప్పలేదు.

పోలీసులు ముమ్మరంగా గాలించారు. రెండు వారాలు తిరక్కుండానే విలేకర్ల సమావేశం పెట్టి, బల్ల మీద ఒక ఇత్తడి కుళాయిని, బల్ల వెనక ముసుగేసిన మనిషిని చూపించారు. ఆ మనిషి ముసుగులోంచే, "బాబూ, అది బస్టాండు కాడ విప్పిందండి. ఆ రొయ్యల చెరువుల దిక్కు మొహమే నేనెరగను," అని మొత్తుకున్నాడు. దొంగ మాట ఎవరు నమ్ముతారు? వీరభద్రం చేత సంతకం పెట్టించుకుని, అతనికి ఎప్పుడూ లేని కుళాయిని అతనికే తిరిగి అప్పగించారు.

మర్నాడు ఇంజనీరుగారే దగ్గరుండి ఆ కుళాయిని వీధి గుమ్మం పక్క గోడకి బిగింపించారు. మాణిక్యం దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. వీరభద్రం తిప్పాడు. కిర్రుమని చప్పుడైంది.

"చప్పుడొక్కటే వస్తోందండి."

"వస్తోంది కదా," అన్నారు ఇంజనీరుగారు.

"నీళ్ళండి?"

"చూడండి వీరభద్రం గారూ. కుళాయి పథకం వేరు, గొట్టం పథకం వేరు, నీటి పథకం వేరు. మూడింటికీ మూడు విభాగాలు. నా పథకం వంద శాతం లక్ష్యాన్ని సాధించింది. మిగతా వాటిలో జోక్యం చేసుకోవడం సంస్కారం కాదు."

ఆ సాయంత్రం మాణిక్యం మళ్ళీ బిందె తీసుకుని మిల్లు మలుపుకే వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం పక్కనున్న కుళాయి వంక, ఇంటికొచ్చి భోజనం చేసి కూర్చున్న చుట్టాన్ని చూసినట్టు చూసింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. అవార్డు పొందిన పట్టణాలు మాట మీద నిలబడ్డాయో లేదో చూడటానికి రాజధాని నుంచి తనిఖీ బృందం బయల్దేరింది. ఊళ్ళో కుళాయిలన్నీ పాతబడిపోయాయి, ఈ మధ్య బిగించిన కుళాయి ఏదో చెప్పండి, దాన్నే చూస్తాం అన్నారు. ఈ మధ్య బిగించింది ఒక్కటే. దాంతో సాక్షాత్తూ కమిషనరుగారే వీరభద్రం ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"పట్టణ ప్రతిష్ఠ మీ చేతుల్లో ఉంది. ఈ తనిఖీ గట్టెక్కితే మీ వీధికి గొట్టం వేయించే పూచీ నాది."

వీరభద్రం ఆయన కళ్ళలోకి చూశాడు. ఆయన నిజంగానే అంటున్నట్టు అనిపించింది. గొట్టమొస్తే మాణిక్యం బిందె ముట్టనక్కర్లేదు. అతనికి కావలసింది ఆ ఒక్కటే. సరేనన్నాడు.

ఏర్పాట్లు చకచకా జరిగాయి. గోడకి చిల్లు కొట్టి, ఇంటి పక్క సందులో ఎత్తుపీట వేసి, దాని మీద డ్రమ్ము పెట్టి, డ్రమ్ములోంచి కుళాయికి చిన్న ట్యూబు తగిలించారు. ఆ రోజంతా మిల్లు కుళాయి వదిలి ఉంచుతారు. మున్సిపాలిటీ మనుషులు అక్కణ్ణించి తెచ్చి వెనక నుంచి పోస్తూ ఉంటే ముందు నుంచి వస్తూ ఉంటుంది. తీరా తనిఖీ రోజున ఆ మనుషులందరినీ ఆర్చికి కొత్త రంగు వెయ్యడానికి పంపేశారు. శేషావతారం చేతులు నలుపుకుంటూ వచ్చాడు.

"ఇంటివాళ్ళే కాస్త సహకరించాలండి."

"నేను పోస్తాను," అన్నాడు వీరభద్రం.

"మీరు లబ్ధిదారు కదండీ. కుళాయి పక్కనే నిలబడి ఆనందంగా కనిపించాలి. అమ్మగారు పోస్తారు."

"డాక్టరమ్మ ఎత్తొద్దందండి."

"ఎత్తొద్దంది గానీ పొయ్యొద్దనలేదుగా," అన్నాడు శేషావతారం.

మాణిక్యం అప్పటికే చీర చెంగు బొడ్లో దోపుకుంది. "ఈ ఒక్క పూటే కదండీ. గొట్టం వస్తదంటున్నారుగా," అని సందులోకి వెళ్ళిపోయింది. ఆపాలని వీరభద్రానికి నోటిదాకా వచ్చింది. ఆపలేదు. ఆ సంగతి తలుచుకుని తర్వాత చాలాసార్లు తనని తాను తిట్టుకున్నాడు.

బృందం వచ్చింది. పెద్దావిడ ఒకరు, ఆవిడ వెనక ఫైళ్ళు మోసేవాళ్ళు, వాళ్ళ వెనక కమిషనరుగారు, ఇంజనీరుగారు. పెద్దావిడ కుళాయి తిప్పారు. నీళ్ళు ధారగా వచ్చాయి. ఆవిడ దోసిలి పట్టి చూసి, "ఎంతసేపు వస్తాయి?" అని అడిగారు.

"నిరంతరాయంగా, మేడమ్," అన్నారు కమిషనరుగారు.

"అయితే చూద్దాం," అని ఆవిడ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

నీళ్ళు వస్తూనే ఉన్నాయి. గోడ వెనక బిందె అడుగు పీటకి తగిలిన చప్పుడు, మళ్ళీ మిల్లు మలుపు దాకా వెళ్ళొచ్చిన అడుగుల చప్పుడు వీరభద్రానికి వినిపిస్తూనే ఉన్నాయి. ఆనందంగా కనిపించమన్నారు కాబట్టి అతను నవ్వుతూ నిలబడ్డాడు.

"ఇంటావిడ ఏరీ? కుళాయి వచ్చాక ఎలా ఉందో ఆవిడ్ని అడగాలి."

"కుళాయి వచ్చాక ఆవిడకి బోలెడు తీరిక దొరికింది మేడమ్," అన్నారు కమిషనరుగారు వెంటనే. "పుట్టింటికి వెళ్ళారు."

పెద్దావిడ తృప్తిగా రాసుకున్నారు. ఆవిడ రాస్తుండగానే ధార సన్నబడి, బొట్లుబొట్లుగా పడి, ఆగిపోయింది.

"ఇది మా ప్రత్యేకత మేడమ్," అన్నారు ఇంజనీరుగారు. "అవసరం తీరిందని తెలియగానే కుళాయి దానంతటదే ఆగుతుంది. నీటి పొదుపు."

వీరభద్రం మాత్రం ఆ మాట పూర్తయ్యేదాకా లేడు. సందులోకి పరుగెత్తాడు. మాణిక్యం పీట పక్కన నేల మీద కూలబడి, రెండు చేతులతో పొత్తికడుపు పట్టుకుని, పళ్ళు బిగించి కూర్చుంది. బిందె దొర్లిపోయి ఉంది. వీరభద్రం ఇంక నవ్వలేదు. ఆవిడ భుజం కింద చెయ్యి వేసి లేపి, నడిపించుకుంటూ తెచ్చి అందరి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు.

"ఈవిడెవరు?" అన్నారు పెద్దావిడ.

మాణిక్యమే తలెత్తింది.

"ఇందాకట్నించీ మీ కుళాయిలోంచి వచ్చింది నేనేనండి."

పెద్దావిడ కాసేపు కుళాయినీ మాణిక్యాన్నీ మార్చి మార్చి చూశారు. "ఎన్నాళ్ళ నుంచి పోస్తున్నావమ్మా?"

"కాపురానికొచ్చిన కాడ్నించీనండి."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత చాలాసేపు ఏదో రాసుకున్నారు. కమిషనరుగారు ఆ కాగితం మీదకి తొంగిచూడబోయి మానుకున్నారు. వీరభద్రం ఇవేమీ చూడకుండా ఆటో పిలిచి మాణిక్యాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. కుట్లు విడిచాయి. డాక్టరమ్మ మళ్ళీ వేసింది గానీ, ఈసారి వీరభద్రంతో ఒక్క మాట మాట్లాడలేదు.

నెల తిరిగాక నివేదిక వచ్చింది. తూరుపుపేటలో ఒక వినూత్న విధానం అమలులో ఉందట. గొట్టం, మోటారు, కరెంటు ఏవీ అవసరం లేకుండా, కేవలం గృహిణి స్వచ్ఛంద భాగస్వామ్యంతో కుళాయి పనిచేస్తోందట. నిర్వహణ ఖర్చు శూన్యమట. దీన్ని అన్ని పట్టణాలకూ విస్తరించాలని సిఫార్సు చేస్తూ, ఊరికి 'స్వయం జలధార' అనే రెండో అవార్డు ప్రకటించారు. వేదిక మీదే చిన్న గోడ కట్టి, కుళాయి పెట్టి, ధార పడుతుండగా అవార్డు ఇవ్వాలని నిబంధన పెట్టారు. అదే వారంలో మిల్లు మలుపులో ఉన్న వీధి కుళాయిని పీకేశారు. సంపూర్ణ కుళాయి పట్టణంలో జనం వీధిలో నీళ్ళు పట్టుకుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? వీధి వీధంతా కాలవ లాకుల దాకా సైకిళ్ళ మీద వెళ్ళడం మొదలుపెట్టింది.

"మరి గొట్టం వేయిస్తానన్నారు కదండీ," అని వీరభద్రం అడిగాడు, అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకొచ్చిన శేషావతారాన్ని.

"గొట్టం లేకపోవడమే ఇప్పుడు మన గొప్పతనమండి. గొట్టం వేస్తే అవార్డు వెనక్కిచ్చెయ్యాలి," అని శేషావతారం మంచం వైపు తిరిగాడు. "అమ్మగారూ, వేదిక మీద పొయ్యడానికి మిమ్మల్నే పిలవమన్నారు. ఒంట్లో బాగోకపోతే మీ వారొచ్చి పోసినా పర్వాలేదంట."

వీరభద్రం లేచి నిలబడ్డాడు. ఏమనేవాడో గానీ మాణిక్యం చేత్తో ఆగమంది.

"వేదిక మీద పొయ్యడానికి నీళ్ళెక్కడివండి?"

"రెండు ట్యాంకర్లు తెప్పిస్తున్నారండి. ముఖ్య అతిథి ముందు ధార తెగకూడదు కదా."

"మంచి నీళ్ళేనా?"

"అవునండి."

మాణిక్యం దిండుకి చేరగిలబడి లేచి కూర్చుంది. "ఈయనొస్తారులెండి," అంది. శేషావతారం వెళ్ళాక భర్తని పిలిచి మెల్లిగా చెప్పింది. "మన వీధిలో ఆడాళ్ళందర్నీ బిందెల్తో రమ్మనండి. ముందు వరసలో కూర్చోమనండి."

మున్సిపల్ మైదానంలో సభ జరిగింది. వీరభద్రం గోడ వెనక నిలబడి ట్యాంకరు గొట్టం డ్రమ్ములో పెట్టాడు. ముందు వైపు ధార మొదలైంది. చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగకముందే ముందు వరసలో ఒకావిడ లేచి, మెట్లెక్కి, కుళాయి కింద బిందె పెట్టింది. ఆవిడ వెనక మరొకావిడ. తర్వాత వీధి వీధంతా వరస కట్టింది. ముఖ్య అతిథి ఈ ప్రజాస్పందనకి ముగ్ధులై అవార్డు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. అందుకోవడానికి కమిషనరుగారికి బిందెల మధ్య దారి దొరకలేదు. ఆయన గోడ వెనక్కొచ్చి, "ఇంక ఆపవయ్యా," అని గొణిగారు.

"ఆపితే ధార తెగుద్దండి," అన్నాడు వీరభద్రం. "ధార పడతా ఉండగానే ఇవ్వాలంటగా."

కమిషనరుగారు తిరిగి వెళ్ళి నవ్వుతూ నిలబడ్డారు. రెండు ట్యాంకర్లూ ఖాళీ అయ్యేదాకా సభ సాగింది. ఉపన్యాసాలు ఎవరూ వినలేదు గానీ, ఇంత విజయవంతమైన సభ తమ సర్వీసులో చూడలేదని పెద్దలంతా అన్నారు.

వీరభద్రం ఆఖరి బిందె సైకిలుకి కట్టుకుని ఇంటికొచ్చాడు. నీళ్ళు గోరువెచ్చగా కాచి, మాణిక్యాన్ని పెరట్లో పీట మీద కూర్చోబెట్టాడు. ఆపరేషనయ్యాక ఆవిడకి సరైన తలస్నానం లేదు. కుంకుడు రసం రుద్ది, చెంబుతో నెమ్మదిగా పోశాడు. ఉప్పు లేని నీళ్ళు తగలగానే నురగ గుప్పున వచ్చింది. మాణిక్యం కళ్ళు మూసుకుని, తల వంచి కూర్చుంది. బిందెలో నీళ్ళు అడుగంటుతుండగా అడిగింది.

"ఏమండీ, మళ్ళీ అవార్డు ఎప్పుడిస్తారంట?"